నలభై మూడు తలగీతలు

పోయిన వారం మడత టీచర్ని మూల్యాంకన కేంద్రం మెట్ల మీద నిలబెట్టి మనం చక్కా ఇళ్లకు వెళ్లిపోయాం. పాపం, ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో చుట్ట చుట్టిన ఫలితాల కాగితాలతో ఇంకా అక్కడే నిలబడి ఉంది. రెండు మెట్ల కింద ఆమె తమ్ముడు. ఆమె లెక్కలు చెప్పే ప్రభుత్వ బడికి ఆ తమ్ముడే హెడ్మాస్టరు. బళ్లో ఆయన ఆమెకు పై అధికారి, ఇంట్లో ఆమె ఆయనకు పై పై అధికారి. ధైర్యంగా ఉన్నప్పుడు "మేడమ్" అంటాడు, భయం వేస్తే "అక్కా" అంటాడు. పొద్దున బస్సెక్కినప్పటి నుంచి "అక్కా" తప్ప ఇంకో మాట ఆయన నోట రాలేదు.

భయపడక ఏం చేస్తాడు? అన్ని ప్రభుత్వ బళ్లకూ కలిపి ఒకే రోజు, ఒకే ప్రశ్నపత్రంతో ఉమ్మడి పరీక్ష పెట్టారు. అరవై ప్రశ్నలు, ప్రశ్నకు నాలుగు గుండ్రాలు. సరైన గుండ్రాన్ని పెన్సిల్‌తో నింపితే యంత్రం దిద్దుతుంది. బడి సగటు ఇరవై ఒకటికి తగ్గితే ఎనిమిదో తరగతి వాళ్లంతా మళ్లీ ఎనిమిదే చదవాలి, బడికి తాళం పడుతుంది, పిల్లలు లారీలు పరిగెత్తే రోడ్డు దాటి ఆరు కిలోమీటర్లు నడిచి ఇంకో బడికి పోవాలి. మన బడి సగటు పద్నాలుగు. కళ్లు మూసుకుని గుండ్రాలు నింపినా పదిహేను వస్తాయి! మూతపడే బళ్ల జాబితా మీద సంతకాలు ఇవాళ సాయంత్రం నాలుగింటికి.

మడత టీచరు ఊరుకోలేదు. పిల్లల జవాబులు యంత్రం ఎలా చదివిందో ఆ చిట్టా తెప్పించి చూసింది. ఒకటో ప్రశ్నకు నలభై మూడు మందీ జవాబు పెట్టలేదట. రెండున్నరకు రెట్టింపు ఎంత అన్నది ఆ ప్రశ్న. ఆమె తరగతిలో బెంచీలు కూడా చెబుతాయి దానికి జవాబు. ఇదేమిటని పిల్లల్ని కూర్చోబెట్టి తెల్ల కాగితాలు పంచింది. కాగితం చేతికందిన మరుక్షణం నలభై మూడు మందీ పైనుంచి వేలెడు వెడల్పున మడిచి, మడతను పెన్సిల్ పక్కతో రుద్ది, మళ్లీ విప్పారు. ఎవరూ ఆలోచించలేదు. చేతులు వాటంతటవే చేసుకుపోయాయి.

తప్పు ఎవరిదో టీచరుకి అప్పుడే తెలిసింది. ఎందుకంటే ఆ మడత నేర్పింది ఆమే. ఆ పేరు ఆమెకు వచ్చింది కూడా ఆ మడత వల్లే.

సరే, మెట్లెక్కిద్దాం.

పరీక్షల కంట్రోలర్ గది నిండా జవాబు పత్రాల కట్టలు. బల్ల మీద కట్టలు, కిటికీలో కట్టలు, అధికారి మొహంలో మాత్రం ఏ కట్టుబాటూ తప్పని ప్రశాంతత. జేబులో నాలుగు పెన్నులు, నాలుకమీద నలభై నిబంధనలు. గాజు తలుపు అవతల పెద్ద బీరువా అంత యంత్రం, దాని పక్కన మెడలో గుడ్డ మాస్కు వేలాడేసుకుని దాన్ని నడిపే అమ్మాయి.

"కూర్చోండి మేడమ్. ఫలితాల మీద ఫిర్యాదులు తీసుకోం. యంత్రానికి పక్షపాతం ఉండదు."

"పక్షపాతం లేదని తెలుసు సార్. పక్షవాతం ఉందేమో చూడమంటున్నాను."

తమ్ముడు దగ్గాడు. ఆ దగ్గుకు అర్థం "అక్కా" అని.

"ఏటా ఇదే కదా!" కంట్రోలర్ నవ్వాడు. "అందరి పిల్లలూ మేధావులే. తప్పు ఎప్పుడూ మా యంత్రానిదే."

"మా పిల్లలు మేధావులని నేననలేదు. కానీ నలభై మూడు మంది కూడబలుక్కుని ఒకటో ప్రశ్న వదిలేసేంత కట్టుదిట్టమైన మొద్దులు కూడా కాదు. అంత ఐకమత్యం వాళ్లకి ఆటల్లోనే లేదు." చిట్టా విప్పి బల్ల మీద పరిచింది. "మీరే చూడండి. ఒకటో గడి, పైనుంచి కిందిదాకా ఖాళీ."

ఆయన చూశాడు. కనుబొమ్మ ఒకటి కొంచెం లేచి, నిబంధన గుర్తొచ్చినట్టు మళ్లీ కూర్చుంది. "మొదటి ప్రశ్న కదా, కంగారు పడుంటారు."

"ఒక్కసారి మా కట్ట విప్పించండి. ఒక్క కాగితం చూపించండి చాలు."

"కారణం చెప్పందే కట్ట విప్పకూడదు. పద్నాలుగో నిబంధన."

కారణం. ఆ మాట వినగానే తమ్ముడు ఆమె గొడుగు పట్టుకుని, గొడుగుతో పాటు ఆమెనీ వరండాలోకి లాక్కెళ్లాడు.

"చెప్పకక్కా. మడవడం నువ్వే నేర్పావని తెలిస్తే నీ మీద విచారణ వేస్తారు. ఇంకా రెండేళ్లే కదా సర్వీసు. యంత్రం చెడిందని అందాం. వాళ్లొప్పుకోకపోతే, ఏముంది, సర్దుకుపోదాం."

బళ్లో పిల్లలు ఆయన్ని చాటుగా సర్దుబాటు సార్ అంటారు. బెంచీ విరిగితే సర్దుకోమంటాడు, కప్పు కారితే జరగమంటాడు.

"ఎటు సర్దుకుంటారురా పిల్లలు? లారీల కిందకా?"

"అది కాదక్కా..."

"యంత్రం చెడలేదు. తప్పు నాది. నా తప్పు వాళ్ల మార్కుల్లో ఎందుకుండాలి? నా పేరు మీద ఉండనీ. గొడుగు వదులు."

గొడుగు వదిలాడు. ఆమె లోపలికి వచ్చి, కూర్చోకుండా చెప్పేసింది.

"మా పిల్లలు మీ కాగితాన్ని మడిచారు సార్. నేర్పింది నేను. ముప్పై ఏళ్ల కిందట నా తరగతిలో స్కేళ్లుండేవి. మార్జిన్ గీయడానికి పది నిమిషాలు, స్కేళ్లతో కత్తియుద్ధానికి ఇరవై నిమిషాలు. లెక్కలకి మిగిలేది గంట కొట్టే చప్పుడే. అందుకని స్కేళ్లు మానిపించి, పైన ఒక మడత వేసి పెన్సిల్‌తో రుద్దమన్నాను. గీత వచ్చేస్తుంది. అప్పటినుంచీ నా పిల్లలకి కాగితం కనిపిస్తే ముందు మడత, తర్వాతే అక్షరం."

కంట్రోలర్ మొహం విచ్చుకుంది. "అంటే మడిచామని మీరే ఒప్పుకుంటున్నారు?"

"ఒప్పుకుంటున్నాను."

ఆయన సొరుగులోంచి పుస్తకం తీసి, వేలితో తడమకుండానే ఆ పేజీ తెరిచాడు. "తొమ్మిదో నిబంధన. 'జవాబు పత్రమును ఎట్టి పరిస్థితులలోను మడువరాదు.' మేడమ్, ఇప్పుడు మీ కాగితాలు చెల్లవు. ఆ పద్నాలుగు కూడా పోయింది. మీ సగటు సున్నా."

"అక్కా!" తమ్ముడి గొంతు కీచుమంది. "పద్నాలుగైనా ఉండేదే!"

మడత టీచరు బల్ల అంచు పట్టుకుంది. నలభై మూడు మొహాలు వరసగా కళ్లముందుకొచ్చాయి. వాటిలో చివరి మొహం బస్సు కండక్టరు కూతురిది. మొన్న చిట్టా చూపిస్తే ఆ పిల్ల ఏడవలేదు. "నాకు పదమూడా టీచర్?" అని అడిగి, తన వేళ్లను అటూ ఇటూ తిప్పి చూసుకుంది, అవి ఎక్కడ తప్పు చేశాయో అని.

టీచరు గాజు తలుపు వైపు తిరిగింది. "అమ్మాయ్, ఒకసారి ఇలా రా తల్లీ. బల్ల మీది ఈ ఖాళీ జవాబు పత్రం ఎడమ అంచున నల్లగా చిన్నచిన్న గీతలున్నాయి చూడు. ఇవెందుకు?"

అమ్మాయి కంట్రోలర్ వైపు చూసింది. ఆయన చెప్పమన్నట్టు చెయ్యూపాడు. గెలిచినవాడి ఔదార్యం.

"యంత్రం ఆ గీతలు లెక్కపెట్టుకుంటూ పోతుందండీ. మొదటి గీత వస్తే ఒకటో వరస, రెండో గీత వస్తే రెండో వరస. దానికి అంకెలు చదవడం రాదు."

"మొత్తం గీతలెన్ని?"

"అరవై."

"అరవై ఒకటి ఉంటే?"

"ఎందుకుంటాయండీ?"

"పైన మడత పెట్టి పెన్సిల్ పక్కతో రుద్దితే, ఆ అంచున కూడా ఒక నల్ల గీత పడుతుందా పడదా?"

అమ్మాయి నోరు తెరిచింది. ఆ తెరిచిన నోటికి అర్థం గదిలో ముందు తెలిసింది కంట్రోలర్‌కే. అందుకే గబుక్కున పుస్తకం మూసేశాడు.

"ఊహలు వద్దు మేడమ్."

"ఊహ కాదు సార్, వరస. వరస మారింది. ఒకటో జవాబు రెండో దాని కింద పడింది, రెండోది మూడో దాని కింద పడింది. అరవయ్యోది కింద పడి ఎటో దొర్లిపోయింది. మా తమ్ముణ్ణి మీరు బాబాయ్ అని పిలిస్తే ఎలా ఉంటుంది? మనిషి వాడే, వరస తప్పు. మా పిల్లల జవాబుల గతి అదే."

"నిరూపణ?"

"మీరే. కూర్చుని పరీక్ష రాయండి."

"నేనా?"

"మీరే. జవాబుల పట్టిక పక్కన పెట్టుకుని మరీ రాయండి. చూసి కొట్టండి, నేను కళ్లు మూసుకుంటాను. అరవైకి అరవై రావాలి."

అమ్మాయి పెదవి కొరుక్కుంది. అప్పటికే గుమ్మం దగ్గర ఇద్దరు గుమస్తాలు మెడలు లోపలికి, కాళ్లు బయట పెట్టుకుని నిలబడ్డారు. వాళ్ల ముందు వెనకడుగు వేయడం కుదరదు. కంట్రోలర్ కొత్త కాగితం తీసుకుని, నాలుగు పెన్నులూ పక్కన పెట్టి, పెన్సిల్ అడిగి తీసుకున్నాడు. ముప్పై ఏళ్లుగా అందరికీ పరీక్షలు పెట్టిన మనిషి, మొదటి గుండ్రం నింపుతూ నాలుక కొస బయటపెట్టాడు. పదో ప్రశ్నకి నుదురు తుడుచుకున్నాడు. ఇరవయ్యోదాని దగ్గర గుమస్తాల వైపు చూసి, కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

పూర్తయ్యాక మడత టీచరు ఆ కాగితం అందుకుంది. అలవాటైన చేతులు. పైన వేలెడు మడత, పెన్సిల్ పక్కతో ఒక్క రుద్దు, మళ్లీ విప్పింది. ఎడమ కొసన సన్నగా, బూడిదరంగులో, అమాయకంగా ఒక గీత. తలగీత.

యంత్రం కాగితాన్ని సర్రున లాక్కుంది. గుటక వేసింది. తెర మీద అంకె పడింది.

పదమూడు.

గుమస్తాల్లో ఒకడు నవ్వు ఆపుకోలేక వరండాలోకి పరిగెత్తాడు. కంట్రోలర్ గారు కంట్రోలు తప్పి, "పదమూడేమిటి? నాకు పదమూడేమిటి?" అన్నారు. ఎనిమిదో తరగతి తప్పిన ప్రతి పిల్లవాడూ, పిల్లా అనే మాట అదే. పట్టిక తెచ్చి తన కాగితం పక్కన పెట్టి, ఒక్కొక్క గుండ్రం వేలు పెట్టి చూసుకున్నారు. అరవయ్యీ సరైనవే. తెర మీద మాత్రం పదమూడే.

"బాధపడకండి సార్," అంది మడత టీచరు మెత్తగా, "మా కండక్టరు కూతురికి కూడా పదమూడే."

అంటూనే ఆమె మళ్లీ తెర వైపు చూసింది. పదమూడు! అరవైకి అరవై రాసిన కాగితం ఒక వరస జారితే వచ్చే అంకె అది. అయితే ఆ పిల్ల...

సంచీలోంచి రబ్బరు తీసింది. కంట్రోలర్ కాగితం మీది ఆ సన్నటి గీతని నాలుగు రుద్దుల్లో చెరిపేసి, పొట్టు ఊదేసి, అమ్మాయి చేతికిచ్చింది.

సర్రున వెళ్లింది. తెర మీద అరవై.

గుమ్మంలో గుమస్తా చప్పట్లు కొట్టి, ఎవరికి కొడుతున్నాడో అర్థం కాక మధ్యలో ఆపేశాడు. తలరాత చెరపలేమంటారు. తలగీత చెరపడానికి అరిగిపోయిన రబ్బరుముక్క చాలింది.

"బాగుంది," అన్నాడు కంట్రోలర్. గొంతులో పాత ధీమా సగమే ఉంది. "కానీ మేడమ్, తొమ్మిదో నిబంధన అలాగే ఉంది. మడిచినవి మడిచినవే. నేనేం చేయలేను."

"మడవకూడదని ఉంది సార్. మడిస్తే ఏం చేయాలని ఉంది? సున్నా వేయమని ఉందా?"

ఆయన పుస్తకం తెరిచాడు. తొమ్మిదో నిబంధన ఆ పేజీ అడుగున ఉంది. 'మడువరాదు' దగ్గర పేజీ అయిపోయింది. ఇన్నేళ్లలో ఆయన అక్కడే ఆగిపోయాడు.

"సార్," అంది యంత్రం అమ్మాయి, తడబడుతూ, "పేజీ తిప్పండి."

తిప్పాడు. చదివాడు. గొంతు సవరించుకున్నాడు గానీ బయటికి చదవలేదు. తమ్ముడు మెల్లగా బల్ల మీదికి వంగి, ఆయన భుజం మీదుగా తనే చదివాడు. బళ్లో ప్రకటనలు చదివే గొంతు, ఇన్నాళ్లకి ఒక పనికొచ్చింది.

"'మడత పడిన పత్రములను యంత్రమునకు పెట్టక, వేరుచేసి, ఇద్దరు పరిశీలకులచే చేతితో దిద్దింపవలెను.' కింద సంతకం..." ఇంకొంచెం వంగాడు. "సంతకం మీదే సార్!"

కంట్రోలర్ ఆ పేజీని ముందుకీ వెనక్కీ తిప్పాడు. ఫ్యాను మాత్రం తన పని తను చేసుకుపోతోంది.

"మడతలు చూడకుండా యంత్రానికెందుకు పెట్టావ్?" అన్నాడు కంట్రోలర్ అమ్మాయితో.

"నాలుగు లక్షల కాగితాలు, ఆరు రోజులు సార్. మడతలు చూస్తూ కూర్చుంటే నా ఉద్యోగం మడిచేవారు మీరు."

ఆయన ఆ అమ్మాయిని చూశాడు, తన సంతకాన్ని చూశాడు, తెర మీది అరవైని చూశాడు. తర్వాత ఆ మనిషి చేసిన పనికి ఆయన్ని మెచ్చుకోవాలి. లేచి, చొక్కా చేతులు పైకి మడిచాడు.

"కట్ట తీసుకురా అమ్మాయ్. ఇద్దరు పరిశీలకులు కావాలి కదా. నేనొకణ్ణి, నువ్వొకదానివి."

గంటన్నర పట్టింది. మడత టీచరుకి కాగితం ముట్టుకునే హక్కు లేదు. గోడవారగా బెంచీ మీద కూర్చుని, ముప్పై ఏళ్లుగా వేలకొద్దీ కాగితాలు దిద్దిన చేతుల్ని ఒళ్లో కట్టేసుకుంది. కంట్రోలర్ సరైన జవాబుల చోట చిల్లులున్న అట్టను కాగితం మీద పెట్టి లెక్కపెట్టడం, అమ్మాయి మళ్లీ లెక్కపెట్టడం, ఇద్దరి అంకెలూ కలిస్తే ఎర్ర పెన్నుతో రాయడం. తమ్ముడు కొంచెం దూరంలో నిలబడి, ఒక్కొక్క అంకె వినపడగానే అరచేతిలో రాసుకుంటున్నాడు. అరచెయ్యి నిండిపోతే మణికట్టు మీదికి పోయాడు.

కుట్టుమిషను ఆవిడ కొడుకు, నలభై ఎనిమిది. కవల పిల్లలిద్దరూ యాభై ఒకటి, యాభై రెండు. ఆ ఒక్క మార్కు మీద ఇంట్లో ఎంత యుద్ధం జరగబోతోందో టీచరు ఊహించుకుంది. ఎప్పుడూ చివరి బెంచీలో నిద్రపోయే, అందరూ దుప్పటి అని పిలిచే కుర్రాడు, ముప్పై మూడు.

"దుప్పటికి ముప్పై మూడా!" తమ్ముడు ఎగిరాడు. "అక్కా, నిద్రలో కూడా విన్నాడే వాడు!"

కండక్టరు కూతురి కాగితం ముప్పై ఎనిమిదోది. కంట్రోలర్ అట్ట పెట్టాడు. పైనుంచి కిందికి వచ్చాడు. అట్ట తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ వచ్చాడు. కాగితాన్ని అమ్మాయికి జరిపాడు. అమ్మాయి లెక్కపెట్టి తలెత్తింది. కళ్లు మెరుస్తున్నాయి.

"అరవై," అంది.

మడత టీచరు బెంచీ మీదే ఉంది. కొంగుతో కళ్లద్దాలు తుడిచింది. తడి కళ్లద్దాలకి కాదు కాబట్టి ఎంత తుడిచినా మసకే.

నలభై మూడూ అయ్యాక కంట్రోలర్ కూడి, భాగించి, అంకె చెప్పకుండా ఒకసారి గోడమీది పట్టిక వైపు చూశాడు. ఈ ఏడాది అన్ని బళ్లలోకీ పెద్ద సగటు అక్కడ పెద్ద అక్షరాలతో రాసి ఉంది. నలభై రెండు. ఆయన కుర్చీ గోడ దగ్గరికి లాగి, దానిమీద ఎక్కి, ఆ అంకె కొట్టేసి పక్కన ఇంకోటి రాశాడు. నలభై ఐదు.

"మీ బడి, మేడమ్," అన్నాడు కుర్చీ మీదినుంచే. కిందికి దిగే దాకా ఆగలేకపోయాడు.

తమ్ముడు అంకెలు నిండిన రెండు చేతులూ పైకెత్తి వరండా దద్దరిల్లేలా "మేడమ్!" అని అరిచాడు. పొద్దుటినుంచీ ఆ ఒక్క మాట కోసమే దాచుకున్న ఊపిరంతా అందులో పోసేశాడు. గుమస్తాలు ఈసారి చప్పట్లు సగంలో ఆపలేదు. మడత టీచరు తమ్ముడి అరచెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుని చూసింది. చెమటకి ఏడు ఒకటిలా, ఒకటి ఏడులా అలుక్కుపోయాయి. "ఇది మటుకు యంత్రానికి పెట్టకురా," అంది.

కంట్రోలర్ సవరణ పత్రం రాసి, ముద్ర వేసి, రెండు చేతులతో ఆమెకిచ్చాడు. గడియారం మూడూ ఇరవై. ఆమె దాన్ని సంచీలో పెట్టుకోబోతుండగా, యంత్రం అమ్మాయి తెర ముందు నిలబడిపోయి ఉండడం కనిపించింది.

"ఏమ్మా?"

"ఒకటో వరస ఖాళీ అని నాకు ఎర్రగా చాలాసార్లు వచ్చిందండీ. పిల్లలు వదిలేశారనుకుని ముందుకి కొట్టేశాను. ఇప్పుడు వెతికితే..." తెర వాళ్ల వైపు తిప్పింది. "మీ బడి కాక ఇంకా పదకొండు. బళ్లకి బళ్లే. పదకొండూ మూతపడే జాబితాలోవే."

"పదకొండు బళ్లలో ఎవరు మడిచారు?" అన్నాడు కంట్రోలర్.

టీచరు తెర దగ్గరికి వెళ్లి, బడి పేరు పక్కన లెక్కల టీచర్ల పేర్లు చదవసాగింది. మూడో పేరు దగ్గర వేలు ఆగింది. ఐదో పేరు దగ్గర మళ్లీ. ఆ పేర్లని ఆమె హాజరుపట్టీలో పిలిచింది. ఒకరిని బెంచీ ఎక్కించింది, ఒకరికి తన అన్నం డబ్బా ఇచ్చింది. ముప్పై ఏళ్లలో తన దగ్గర చదివినవాళ్లలో లెక్కల టీచర్లు ఎంతమంది అయ్యారో లెక్కల టీచరు ఏనాడూ లెక్కపెట్టుకోలేదు. యంత్రం లెక్కపెట్టి పెట్టింది.

"నా పిల్లలే," అంది. "వాళ్లు వాళ్ల పిల్లలకి నేర్పారు. ఆ మూతపడే బళ్ల ఫైలేది సార్?"

"పై ఆఫీసుకి మధ్యాహ్నమే పంపేశాం." కంట్రోలర్ అప్పటికే ఫోను తిప్పుతున్నాడు. అవతల ఎవరో తాపీగా ఎత్తారు. గొంతు గదంతా వినబడుతోంది.

"ఆ ఫైలాండీ? పెద్దాయన బయటికెళ్లే పనుందని ముందే కూర్చున్నారండీ. సంతకాలు అవుతున్నాయి."

"ఆపు! ఆ పెన్ను లాక్కో! నేను చెబుతున్నాను, లాక్కో!"

అవతల ఏదో చప్పుడు. తర్వాత ఇంకో గొంతు, బరువుగా, తొందర లేకుండా. "ఎవరి పెన్ను లాక్కోవాలి?"

కంట్రోలర్ ఫోను చేయి చాపి మడత టీచరుకిచ్చాడు.

ఆమె చెవి దగ్గర పెట్టుకుంది. "సార్, నేను లెక్కల టీచర్ని. మీ బల్ల మీదున్న బళ్లలో ఒకటి మా బడి. అది ఇప్పుడు అన్నిటికన్నా పైన ఉంది, కంట్రోలర్ గారు స్వయంగా చేత్తో దిద్దారు. మిగతా పదకొండింటి కాగితాల్లో కూడా అదే తప్పు జరిగింది. తప్పు పిల్లలది కాదు. దయచేసి పెన్ను కింద పెట్టండి."

అవతల పెన్ను బల్లమీద పెట్టిన చిన్న చప్పుడు.

"పెట్టాను," అంది ఆ గొంతు. "పది బళ్లు ఆగాయి. కానీ అమ్మా, రెండిటి మీద సంతకం అయిపోయింది. తాళాలూ సీలూ తీసుకుని జీపు బయలుదేరి పావుగంటైంది. డ్రైవరు దగ్గర ఫోను లేదు."

"ఏ రెండు బళ్లు సార్?"

ఆయన చెప్పాడు. మొదటిది ఆమెకి తెలియదు. రెండోది వాళ్ల బడే. పేరు వినగానే తమ్ముడు గోడకి చేరగిలబడ్డాడు. జీపు చేరేసరికి, నాలుగు గంటలకి, బళ్లో పిల్లలు ఇంకా లోపలే ఉంటారు.

టీచరు గొడుగు అందుకుని వెనక్కి తిరిగింది. కంట్రోలర్ అప్పటికే గుమ్మం దాటి, చేతిలో కారు తాళాలు గలగలలాడిస్తూ, మెట్లు రెండేసి చొప్పున దిగుతున్నాడు.